మే పుష్పం గారి సంతకం

మెంతిపేట పురపాలక సంఘం పార్కులో మొక్కలు కూడా మనుషుల్లాగే రోజూ హాజరు వేయించుకోవాలని ఉత్తర్వు వచ్చిన రోజున, పార్కు మాలి పైడితల్లి గన్నేరు చెట్టు కింద కూర్చుని చద్దన్నం తింటోంది. ఉత్తర్వు పట్టుకొచ్చినవాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు సన్యాసిరావు. మురుగు కాలవల మీద ఆయనకు ఇరవై ఆరేళ్ల అనుభవం ఉంది గనక పూలమొక్కల బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు.

“ఇకమీదట ప్రతి మొక్కకీ రోజూ పొద్దున్న పదిలోపల ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. పెట్టకపోతే ఆబ్సెంటు” అన్నాడాయన.

“మొక్కలెక్కడికెల్తాయి బాబూ? నాటిన కాడే గదా ఉంటాయి?”

“అది నువ్వంటున్నావు. రుజువేదీ?”

పైడితల్లి చద్దన్నం గిన్నె పక్కన పెట్టింది. పద్నాలుగేళ్ల నుంచి ఆ పార్కులో పనిచేస్తోంది గానీ, మొక్క కదలదని ఎవరి చేతైనా రాయించుకోవాలని ఆమెకు తట్టలేదు, పిచ్చిది!

ముఖం చూసి హాజరు వేసే ఆ యాప్ అసలు తెచ్చింది పారిశుద్ధ్య సిబ్బంది కోసం. వాళ్లు దానికి ముఖాలు చూపించం పొమ్మన్నారు. తెచ్చిన వస్తువు ఊరికే పడుండటం కమిషనరు ఉమాకాంత పట్నాయక్ గారికి నచ్చలేదు. ఆయన అప్పుడే ‘నిఘాతోనే నవవికాసం’ అనే అంశం మీద మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. ఆ వేడి ఇంకా చల్లారలేదు. సిబ్బంది కాదంటే, ఇక కాదనలేనివాళ్లెవరా అని కిటికీలోంచి చూశారు. పార్కు కనబడింది.

మనుషుల కోసం చేసిన యాప్ కదా, మొక్కల వివరాలు కూడా మనుషుల్లాగే అడిగింది. ఉద్యోగి పేరు, తండ్రి పేరు, విధుల్లో చేరిన తేదీ, ముఖచిత్రం. తండ్రి పేరు దగ్గర ‘వర్తించదు’ అని కొడితే ముందుకు కదలదు. సన్యాసిరావు గంటసేపు కుస్తీ పట్టి, విసుగెత్తి, తన పేరే కొట్టాడు. అలా ఆ సాయంత్రానికి మందారాలు, క్రోటన్లు, నందివర్ధనాలు కలిపి మూడు వందల పది మొక్కలకు ఆయన తండ్రయ్యాడు. ఈ మాట ఆయన భార్య చెవిన పడి ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదంటారు. అది వేరే కథ.

అన్ని మొక్కలూ బుద్ధిగా ఫోటో దిగాయి. అత్తిపత్తి ఒక్కటే, ఫోన్ పట్టుకున్న చెయ్యి తగిలేసరికి ఆకులు ముడుచుకుంది. దాని పేరు ఎదురుగా ‘అధికారులకు సహకరించలేదు’ అని రాశాడు సన్యాసిరావు. ఇక మిగిలింది బావి పక్కనున్న పెద్ద మడి.

ఆ మడి పైడితల్లి ప్రాణం. పదకొండేళ్ల కిందట పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మ పెరట్లోంచి మూడు దుంపలు తవ్వి, చెంగున కట్టుకుని, రెండు బస్సులు మారి తెచ్చి ఇక్కడ పాతిపెట్టింది. మూడు కాస్తా నలభై రెండయ్యాయి. ఏడాదికి ఒక్కసారి, మే నెలలో, నేల చీల్చుకుని కాడ లేచి, దాని నెత్తిన పిల్లలాడుకునే బంతి అంత గుండ్రటి ఎర్రపువ్వు పూస్తుంది. ఆ పది రోజులూ పైడితల్లి ఇంటికి వెళ్లినా మనసు ఇక్కడే ఉంటుంది.

“ఇదేం మొక్క?” అన్నాడు సన్యాసిరావు.

“మే పువ్వండి బాబూ.”

“పువ్వేదీ?”

“మేలో పూస్తాది.”

“ఇది ఆగస్టు. ఆగస్టులో మే పుష్పం అని ఎలా రాయమంటావు? రేపు ఆడిట్ వాళ్లడిగితే నేనేం చెప్పాలి?” అంటూ ఫోన్ ఆకుల మీద పెట్టాడు. వెడల్పాటి ఆకులు చూసి యాప్ కాసేపు గిరగిరా తిరిగి ‘పసుపు మొక్క కావచ్చు, అరటి పిలక కావచ్చు, మళ్లీ ప్రయత్నించండి’ అంది. మళ్లీ ప్రయత్నిస్తే ‘ఇది ఉల్లి వంశం’ అంది.

“ఉల్లా! పార్కులో ఉల్లి పండిస్తున్నావా?”

“అయ్యో రాత! ఉల్లి గాదు బాబూ. దుంప సూడ్డానికి అలాగుంటాది, అంతే. సుట్టాలనుకోండి. మా మేనత్తకీ నాకూ ఒకటే ముక్కు, అంతమాత్రాన నాను మా మేనత్తనైపోతానా?”

మేనత్త ముక్కు రికార్డుల్లో లేదు గనక సన్యాసిరావు దాన్ని పరిగణించలేదు. చివరికి ‘మే పుష్పం (అని చెప్పబడినది)’ అని రాసి, ఒకటి నుంచి నలభై రెండు వరకు నంబర్లిచ్చాడు. విధుల్లో చేరిన తేదీ అడిగితే, మా చిన్నమ్మాయి పుట్టిన ఏడు అని చెప్పింది పైడితల్లి. అదే వేశాడు.

మూడు నెలలు ఏ గొడవా లేకుండా జరిగిపోయింది. నవంబరు వచ్చింది. మే పువ్వు మొక్కల ఆకులు పసుపెక్కాయి, వాలాయి, ఎండి రాలిపోయాయి. నెలాఖరుకి మడిలో మన్ను తప్ప ఏమీ లేదు. ఏటా అంతే. దుంప మన్ను కింద పడుకుని మళ్లీ మే వానలకు లేస్తుంది. ఇది పైడితల్లికి తెలుసు, మొక్కలకు తెలుసు. యాప్‌కు ఎవరూ చెప్పలేదు.

హాజరు పడని పదిహేనో రోజున సన్యాసిరావు ఖాళీ మడి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, నలభై రెండు మొక్కలకూ కలిపి ఒకే సంజాయిషీ నోటీసు చదివాడు. “సదరు మొక్కలు ఎట్టి ముందస్తు అనుమతి లేకుండా, పైఅధికారులకు తెలియపరచకుండా, వరుసగా పదిహేను దినములు విధులకు గైర్హాజరైనందున, వారిపై క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు దినములలోగా లిఖితపూర్వకముగా...”

“బాబూ, అవి నిద్దరోతన్నాయి” అంది పైడితల్లి మెల్లగా, లేస్తాయేమో అన్నట్టు.

“డ్యూటీలోనా?”

“ఆటి డ్యూటీయే అది! నమ్మకపోతే తవ్వి సూపిస్తాను.” బొరిగె తీసుకుని ఓ మూల తవ్వి, మన్ను దులిపి, గుండ్రటి దుంప ఒకటి అరచేతిలో పెట్టి చూపించింది. సన్యాసిరావు దాన్ని ఫోటో తీశాడు. ‘ముఖం సరిపోలలేదు’ అంది యాప్.

“ఇది ఉల్లిపాయ.”

“కాదు బాబూ!”

“పైడితల్లీ, నాకిప్పుడు అర్థమైంది. మొక్కలు పీకేసి, వాటి స్థానంలో ఉల్లిపాయలు పెట్టి నన్ను మభ్యపెడుతున్నావు. ప్రభుత్వ మొక్కలు నలభై రెండు మాయం. ఇది గైర్హాజరు కేసు కాదు, దొంగతనం కేసు.”

పైడితల్లికి భయం పట్టుకుంది. దొంగతనం చేసే మనిషైతే ఇంత భయపడేది కాదు. జూన్‌లో పర్మినెంటు లిస్టు వస్తుందని ఆఫీసంతా అనుకుంటున్నారు. పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు ఏజెన్సీ కింద పనిచేస్తూ, వచ్చే ఏడు వచ్చే ఏడు అంటుంటే విని విని, ఈసారి తప్పకుండా నీ పేరుంటుందని మొన్ననే హెడ్ గుమాస్తా చెప్పాడు. మీద దొంగతనం కేసుంటే లిస్టులో పేరు కాదు కదా, పార్కు గేటు లోపలికి కాలు కూడా పెట్టనివ్వరు. ఆ రోజు ఆమె దుంపని మళ్లీ పాతుతూ “మీ నిద్దర నా కొంప ముంచీసినాది గదే తల్లీ” అని తిట్టింది. తిట్టి, మన్ను మెత్తగా సర్ది, పైన ఎండుటాకులు కప్పింది.

విచారణ కమిషనరు గారి గదిలో జరిగింది. పట్నాయక్ గారు ఫైలు తిరగేసి, కళ్లజోడు సవరించుకుని, పైడితల్లిని కాకుండా ఆమె తలకు పైనున్న గోడను చూస్తూ మాట్లాడారు.

“ఏమ్మా, నీ వాదన ప్రకారం సదరు మొక్కలు భూగర్భంలో ఉన్నాయి. అంతేనా?”

“ఉన్నాయి బాబూ. నా బిడ్డల మీద ఒట్టు.”

“ఉన్నచో, సెలవు పెట్టాయా?”

“ఆటికి నోరు నేదు బాబూ.”

“నోరు లేనివారికి కూడా సెలవు దరఖాస్తు నమూనా ఉంది. ఫారం పదకొండు. ఇన్‌స్పెక్టర్ గారూ, వీటికి అర్జిత సెలవు ఎంత నిల్వ ఉంది?”

సన్యాసిరావు వేళ్ల మీద గుణించి, ఆగస్టు నుంచి చూస్తే ఏడు రోజులొస్తుందన్నాడు.

“వీరు వాడినది ఇప్పటికే నలభై. పైగా ఆరు నెలలు నిద్రిస్తారని ఈమే ఒప్పుకుంటోంది. ఈ సంస్థలో అంత సేపు నిద్రించే అధికారం...” అని పట్నాయక్ గారు ఒక్క క్షణం ఆగి, బల్ల మీద కునుకు తీస్తున్న హెడ్ గుమాస్తాను చూసి, మాట మార్చారు. “సరే. మే పుష్పము మేలో పూచునని పేరులోనే ఉన్నది. మే ముప్ఫై ఒకటి సాయంత్రం ఐదు గంటలకు గడువు ఇస్తున్నాను. పూచినచో గుర్తింపు ధ్రువపడినట్లు. పూయనిచో దొంగతనం ధ్రువపడినట్లు. అంతవరకు గైర్హాజరైన వారికి నీరు ఇవ్వరాదు.”

ఈ చివరి మాట విని పైడితల్లి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. నిద్రపోయే దుంపకు నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. ఎవరైనా పోస్తారేమోనని ఏటా కాపలా కాసేది. ఇప్పుడు ఆ కాపలా ప్రభుత్వమే కాసింది.

ఖాళీ మడి చూడ్డానికి బాగోలేదని అందులో తాత్కాలిక ప్రాతిపదికన ప్లాస్టిక్ గులాబీలు గుచ్చారు. అవి ఎండలోనూ మంచులోనూ ఒక్క రోజు తప్పకుండా హాజరు వేయించుకున్నాయి. రిపబ్లిక్ దినోత్సవం నాడు మూడో వరస నాలుగో గులాబీకి ఉత్తమ సేవా పత్రం ఇచ్చారు. దాన్ని అందుకోవడానికి గులాబీ తరఫున తండ్రిగా సన్యాసిరావే వేదికెక్కాడు. ఆయన కళ్లు చెమర్చాయని చూసినవాళ్లు చెప్పారు.

మే నెల వచ్చింది. ఐదో తారీకు ఏమీ లేదు. పదో తారీకు ఏమీ లేదు. చుక్క వాన లేదు, నేల పెంకులా ఉంది. పైడితల్లికి అన్నం సయించడం మానేసింది. పొద్దున్నే వచ్చి ప్లాస్టిక్ గులాబీల మధ్య వంగి, మన్నుకు చెవి ఆనించి కూర్చునేది. “లెగండే, మీ మీదే పెట్టుకున్నాను నా బతుకంతా. నన్ను దొంగని సేయకండే” అని గొణిగేది. పన్నెండో తారీకున సన్యాసిరావు వచ్చి, పోలీసు ఫిర్యాదు టైపు చేయించి ఉంచానని, తేదీ ఒక్కటీ వేస్తే చాలని చెప్పి వెళ్లాడు. పాపం, ఆయనకు పని పెండింగులో ఉంచడం ఇష్టం ఉండదు.

పదిహేనో తారీకు మధ్యాహ్నం ఉరుములతో వాన కొట్టింది. పదహారు, పదిహేడు, మళ్లీ వాన. పంతొమ్మిదో తారీకు పొద్దున పైడితల్లి గేటు తీసి లోపలికి వచ్చేసరికి, ప్లాస్టిక్ గులాబీలను పక్కకు తోసుకుని మడి నిండా మొనలు లేచి ఉన్నాయి. మూడు రోజుల్లో ఎర్రటి బంతులు విచ్చుకున్నాయి. ఒకటీ రెండూ కాదు, లెక్కపెడితే నలభై రెండు! ఆమె మడి గట్టున చతికిలబడి బావురుమని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఊళ్లోవాళ్లంతా వచ్చి చూశారు, ఫోటోలు దిగారు.

సన్యాసిరావు కూడా ఫోటో తీశాడు. ‘ముఖం సరిపోలలేదు’ అంది యాప్. చేరినప్పుడు ఇచ్చింది ఆకు ముఖం. ఇప్పుడున్నది పువ్వు, ఆకే లేదు.

“వీళ్లు వాళ్లు కారు” అన్నాడు సన్యాసిరావు. “వేరే ఎవరో అనుమతి లేకుండా వచ్చి కూర్చున్నారు.”

అదృష్టం బాగుండి అప్పటికే కమిషనరు గారు ఆ పూల ముందు నిలబడి దిగిన ఫోటో పై అధికారులకు పంపేశారు. పైనుంచి ‘భేష్’ అని వచ్చింది. పై అధికారులే చూసి భేష్ అన్నాక అవి ఎవరో తెలియని పూలు కావడానికి వీల్లేదు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. సదరు మొక్కలు నిర్దోషులు. ‘అని చెప్పబడినది’ అన్న మాటలు తొలగించడమైనది. భూగర్భంలో గడిపిన ఆరు నెలలూ, అంతకు ముందు పదేళ్లలో గడిపిన నెలలన్నీ కూడా, విధినిర్వహణగానే పరిగణించి, పదకొండేళ్ల అవిచ్ఛిన్న సేవ గుర్తించడమైనది. ప్లాస్టిక్ గులాబీలను మాతృశాఖకు, అంటే స్టోర్ రూముకు, పంపడమైనది.

జూన్‌లో రావలసిన పర్మినెంటు లిస్టు, ఆ ఆఫీసు చరిత్రలో తొలిసారి, ముందుగానే మే ఇరవై ఏడునే వచ్చింది. నోటీసు బోర్డు దగ్గర ఎవరో చదువుతుంటే పైడితల్లి వింది. పార్కు విభాగం. మే పుష్పం ఒకటి, తండ్రి సన్యాసిరావు. మే పుష్పం రెండు, తండ్రి సన్యాసిరావు. అలా నలభై రెండు వరకు చదివి, లిస్టు అయిపోయిందన్నారు.

ఆమె తిన్నగా కమిషనరు గారి గదిలోకి వెళ్లింది. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడే మనిషి, ఆ రోజు బల్ల దాకా వెళ్లింది.

“నా పేరేది బాబూ? ఆటిని తెచ్చింది నాను. పాతింది నాను. పద్నాలుగేళ్లు నీళ్లు మోసింది నాను.”

పట్నాయక్ గారు దయగానే చెప్పారు. “చూడమ్మా, నీ ఏజెన్సీ ఏటా మారింది. మారినప్పుడల్లా మార్చి ముప్ఫై ఒకటిన నీ సేవ ముగిసి, ఏప్రిల్ రెండున మళ్లీ మొదలైంది. మధ్యలో ఒక రోజు విరామం. అందుచేత రికార్డు ప్రకారం నీ సేవ రెండు నెలలే. వాటికి ఒక్క రోజు విరామం లేదు.”

“ఆ ఒక్క రోజూ కూడా నాను ఒచ్చి నీళ్లు పోసినాను బాబూ!”

“అది అనధికారికంగా చేసిన పని. నిజానికి దానిపై చర్య తీసుకోవచ్చు, తీసుకోవడం లేదు.”

ఆమె కదల్లేదు. బల్ల ముందే నిలబడి ఆయన వైపే చూసింది. ఆ చూపు భరించలేక కాబోలు, ఆయన నిబంధనల పుస్తకం తెరిచి పేజీలు తిప్పారు. చాలాసేపటికి ఒకచోట ఆగారు. “ఒక వెసులుబాటు ఉంది. విరామం రోజున కూడా పనిచేసినట్లు, ఆ పనిస్థలంలో అందరికంటే సీనియరైన శాశ్వత ఉద్యోగి ధ్రువీకరణ పత్రం ఇచ్చినచో, విరామాలు మాఫీ చేయవచ్చు. పార్కులో సీనియర్ శాశ్వత ఉద్యోగి ఎవరు?”

హెడ్ గుమాస్తా లేచి రిజిస్టరు చూశాడు. మళ్లీ చూశాడు.

“మే పుష్పం ఒకటి గారండి.”

గదిలో ఎవరూ నవ్వలేదు. రిజిస్టరులో ఉన్నదాన్ని చూసి నవ్వడం ఆ ఆఫీసులో ఆనవాయితీ కాదు. “అయితే వారి సంతకం తీసుకురామ్మా” అన్నారు కమిషనరు గారు.

పైడితల్లి కాగితం పట్టుకుని మడి దగ్గరికి పరుగెత్తింది. పూలు అప్పటికే వాడుముఖం పట్టాయి. పదకొండేళ్ల కిందట చెంగున మోసుకొచ్చిన మొదటి దుంప ఎక్కడుందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. దాని పువ్వుని మెల్లగా వంచి, సంతకం పెట్టాల్సిన చోట కాగితం మీద అద్దింది. పుప్పొడి అంటుకుని పసుపురంగు చుక్కలు గుండ్రంగా పడ్డాయి. ఎంత ముద్దుగా ఉందో ఆ సంతకం!

కమిషనరు గారు దాన్ని వెలుగులో పెట్టి చూసి తల అడ్డంగా ఊపారు. “పసుపు ఇంకు చెల్లదు. ధ్రువీకరణ పత్రం మీద అధికారి సంతకం ఆకుపచ్చ ఇంకుతో ఉండాలి.”

హెడ్ గుమాస్తా జాలిపడి మరో ఫారం ఇచ్చాడు. పైడితల్లి దాన్ని మడిచి రవికెలో పెట్టుకుని ఎదురుచూసింది. పూలు రాలిపోయాయి. జూన్ మొదటి వారంలో కాడ పక్కనుంచి, చుట్ట చుట్టిన కాగితంలా లేత ఆకు లేచింది. అది విప్పుకునేదాకా ఆగి, “తప్పుగా అనుకోకే తల్లీ, రవ్వంత సాలు” అని అంచు దగ్గర గోరంత ముక్క తుంచి, ఫారం మీద పెట్టి బొటనవేలితో గట్టిగా రుద్దింది. పచ్చటి మరక పడింది. మంచి చిక్కటి ఆకుపచ్చ.

“ఇదీ సంతకం అంటే” అన్నారు పట్నాయక్ గారు. “స్పష్టంగా ఉంది. మన జిల్లా అధికారి సంతకం కంటే నయం.” స్టాంపు వేశారు. విరామాలన్నీ మాఫీ అయ్యాయి. జూన్ ఇరవైకల్లా పైడితల్లి పర్మినెంటు. ఉత్తర్వు చేతికిచ్చినప్పుడు ఆమె దాన్ని కళ్లకద్దుకుని, తిన్నగా వెళ్లి మే పుష్పం ఒకటి గారికి చూపించింది.

మళ్లీ నవంబరు వచ్చింది. ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. మడిలో మన్ను మిగిలింది. శాశ్వత ఉద్యోగులైనందున ఈసారి ఎవరూ సంజాయిషీ అడగలేదు. తెలియనివాళ్లు తొక్కుతారని, నీళ్లు పోస్తారని పైడితల్లి భయం. గోడల మీద రాసే పెయింటరుని పిలిచి ఓ రేకు బోర్డు రాయించి మడి ముందు పాతింది. ‘అధికారి గారు నిద్రలో ఉన్నారు. మే నెలలో రావలెను.’

ఆ మర్నాడు ఇంటి పన్ను పేరు మార్పు కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్న పెద్దాయనొకడు అలసిపోయి పార్కులోకి వచ్చాడు. చంకలో అర్జీ ఉంది. బోర్డు ముందు నిలబడి పైకే చదువుకున్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు. చెప్పులు విడిచి, పైడితల్లి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి వినయంగా అడిగాడు.

“మేలో అయితే ఎన్నో తారీకున రమ్మంటారమ్మా?”